తెగిన బంధము – తీరని ఋణము

తెలుగువారు దాంపత్యమును ఋణానుబంధమని అందురు. పూర్వజన్మమున ఒకరికొకరు పడిన బాకీని తీర్చుకొనుటకే ఈ జన్మమున ఆలుమగలై కలిసిరని పెద్దల భావన. ఆ బంధము తెగిననాడు “వారికిని వీరికిని ఋణము తీరిపోయినది” అని ఊరివారు నిట్టూర్చి ఊరకుందురు. మాట ఇంపుగానే ఉన్నది. కాని బ్యాంకు పుస్తకమున వ్రాసిన ఋణము అట్లు తీరదు. మనుష్యుల నడుమ ఋణము తీరిన మరునాటినుండియే కాగితముమీది ఋణము తన స్వరూపమును చూపనారంభించును.

నేటి కాపురములు చాలవరకు రెండు సంతకములమీద నిలిచియున్నవి. ఇల్లు కొనవలెనన్నచో బ్యాంకువారు ఇద్దరి జీతములను కలిపి చూచి అప్పు ఇత్తురు. భర్త వ్యాపారమునకు అప్పు తెచ్చినచో ఉద్యోగినియైన భార్య పూచీ పడును. చీటీ పాడినవారికి జీతము వచ్చువారి జామీను కావలయును. ఆ జామీనుకై మొదట తట్టు తలుపులలో బడిపంతులుగారి తలుపు ఒకటి. కాపురము సాగుచున్నంతకాలము ఈ సంతకములు ఎవరికిని గుర్తుండవు. విడిపోయిననాడు ఒక్కొక్కటిగా లేచి ఎదుట నిలుచును.

ఒక జిల్లాకేంద్రమునందలి ఉపాధ్యాయురాలి సంసారమును ఊహించుకొనవచ్చును. భర్తది ప్రైవేటు ఉద్యోగము. ఇద్దరి పేరను తెచ్చిన 20 లక్షల గృహఋణమునకు నెలవాయిదా 18 వేలు. భర్త తీసికొనిన 3 లక్షల వ్యక్తిగత ఋణమునకు ఆమె పూచీదారు; దాని వాయిదా 9 వేలు. ఆమె పేరనున్న క్రెడిట్ కార్డుమీద ఇంటిసామానులకై వాడిన బాకీ లక్ష రూపాయలు. దానికి నెలకు 5 వేలు. పాడి వాడుకొనిన చీటీకి ఇంకను 20 నెలలు కట్టవలసిన 5 వేలు. మొత్తము 37 వేలు. రెండు జీతములున్ననాడు ఇది భారమేగాని మోయరాని భారము కాదు. ఇప్పుడు దంపతులు వేరుపడినారు. భర్త తన పాలు కట్టుట మానినాడు. కొనిన ఇంటిలో అత్తమామలున్నారు. ఆమె బిడ్డలతో అద్దె ఇంటికి చేరినది. ఆమె జీతము 45 వేలు. అప్పులు పోగా మిగులునది 8 వేలు. అద్దె, బియ్యము, ఇద్దరు బిడ్డల చదువు అన్నియు అందులోనే గడువవలెను.

ఇట్టి స్థితిలో సామాన్యముగా జరుగునది ఏమన, కొత్త అప్పు తెచ్చి పాత అప్పునకు కట్టుట, మెడలోని గొలుసు కుదువపెట్టుట, పరువు పోవునని ఎవరికిని చెప్పక లోలోన కుములుట. ఈ మూడు మార్గములును లోతునకే కొనిపోవును. వీనికంటె మేలైన మార్గములు కలవు. వానిని తెలిసికొనుటకు ముందు ఋణముయొక్క స్వభావము తెలియవలెను.

సంతకము చెప్పు న్యాయము

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే ఈనాటికిని మన ఋణవ్యవహారములకు మూలము. ఇద్దరు కలిసి ఒక అప్పునకు మాట ఇచ్చినప్పుడు, ఒప్పందములో వేరుగా వ్రాసికొననిచో, ఋణదాత వారిలో ఎవరినైనను పూర్తి మొత్తమునకు అడుగవచ్చునని దాని 43వ సెక్షను చెప్పుచున్నది. సగము నాది, సగము అతనిది అను వాదము ఆలుమగల నడుమ చెల్లును; బ్యాంకు ముందు చెల్లదు. పూచీదారు స్థితియు ఇంతియే. ఒప్పందములో మరొక విధముగా లేనిచో పూచీదారు బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానమని 128వ సెక్షను. “మొదట అతనిని అడుగుడు, అతడు ఈయనిచో నావద్దకు రండు” అని చెప్పుట సామాన్యముగా పూచీదారునకు సాధ్యము కాదు.

విడాకుల ఒప్పందములో ఫలానా అప్పు భర్తయే తీర్చవలెనని వ్రాసికొనవచ్చును. కోర్టు దానిని డిక్రీలో చేర్చవచ్చును. ఐనను బ్యాంకు ఆ ఒప్పందములో కక్షిదారు కాదు గనుక బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. మరి ఆ వ్రాతవలన ప్రయోజనమేమి? భర్త కట్టక భార్య కట్టవలసి వచ్చినచో, ఆ సొమ్మును అతనినుండి రాబట్టుటకు అది ఆధారము. వ్రాత లేకున్నను, తన పాలునకు మించి కట్టిన సహఋణస్థుడు రెండవవానినుండి ఆ పాలును వసూలు చేసికొనవచ్చును. పూచీదారు అప్పు తీర్చినచో ఋణదాతకు గల హక్కులు పూచీదారునకు సంక్రమించును. కావున కట్టిన ప్రతి రూపాయికి రసీదు దాచుకొనవలెను. నేడు నష్టముగా తోచు కాగితము రేపు హక్కుపత్రము కాగలదు.

మరొక వైపు చూచినచో, తమది కాని అప్పును తలకెత్తుకొను అమాయకులు కొల్లలు. అప్పు భర్త ఒక్కని పేరనే ఉండి, భార్య సంతకము ఎచ్చటను లేనిచో, కేవలము భార్యయైనందున ఆమె దానికి బాధ్యురాలు కాదు. భర్త మరణించినచో, అతని ఆస్తినుండి తనకు సంక్రమించినంతమేరకే ఆమె జవాబుదారి. తండ్రి అప్పు తీర్చుట కొడుకునకు పవిత్రధర్మమను పాత కారణముమీద మాత్రమే కొడుకులపై దావా వేయుటను 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము, ఆ తరువాతి అప్పుల విషయమున, తొలగించినది. పెండ్లి లేక కలిసి బ్రతికి విడిపోయినవారికిని ఋణవిషయమున ఇదే న్యాయము. చట్టము సంతకమును చూచును, తాళిని చూడదు.

స్మృతికారుల మాట

ఈ న్యాయము ఆంగ్లేయులతో వచ్చినదని తలచువారు యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయమును చూడవలెను. భర్త చేసిన అప్పును భార్యయు, భార్య చేసిన అప్పును భర్తయు తీర్చవలసిన పనిలేదని అందున్నది. కుటుంబపోషణమునకై చేసిన అప్పు మాత్రము దీనికి మినహాయింపు. స్త్రీ తీర్చవలసిన అప్పులు మూడే: తాను తీర్తునని ఒప్పుకొనినది, భర్తతో కలిసి చేసినది, తాను స్వయముగా చేసినది. నేటి బ్యాంకు భాషలో చెప్పవలెనన్న పూచీ, ఉమ్మడి ఋణము, సొంత ఋణము. కాలము మారినను విభాగము మారలేదు.

ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున మితాక్షరను రచించెను. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుపద్యములలోనికి తెచ్చెను. తెలుగుభాషలో ధర్మశాస్త్రము ఇంత తొలినాళ్ళలోనే వెలసినదనుట విద్యార్థులు గర్వింపదగిన సంగతి.

ఐనను ప్రజల మనస్సును ఏలినది స్మృతి కాదు, హరిశ్చంద్రుని కథ. విశ్వామిత్రుని ఋణమునకై చంద్రమతి అమ్ముడువోయినది. లోహితాస్యుడును ఆమెవెంట పోయెను. గౌరన ద్విపదనుండి బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమువరకు తెలుగువారు ఆ ఘట్టమునకు కన్నీరు కార్చుచునే ఉన్నారు. సత్యనిష్ఠకు ఆ కథ శిఖరము. కాని సంసారమునకు దానిని శాసనముగా గ్రహించినచో, భర్త అప్పునకు భార్య అమ్ముడుపోవుటయే పాతివ్రత్యమను భ్రమ కలుగును. విడిపోయిన పిదపకూడ ఆ భ్రమ వదలక, తమ సంతకము లేని అప్పునకు సైతము పుట్టింటివారి పొలము అమ్మించిన స్త్రీలు కలరు. స్మృతియు కోరని త్యాగమును బ్యాంకునకై చేయనక్కరలేదు.

మొదట లెక్క

కష్టకాలమున మొదటి సాధనము కాగితము, కలము. ఉన్న అప్పులన్నింటిని ఒకచోట వ్రాయవలెను. ఎవరి పేరనున్నది, ఎవరు పూచీ, అసలెంత, వడ్డీ ఎంత, తాకట్టు ఏమి అను ప్రశ్నలకు ఎదురెదురుగా జవాబులుండవలెను. తమ పేర తమకు తెలియని అప్పు ఏదైన ఉన్నదేమో తెలియుటకు సిబిల్ వంటి పరపతి సమాచార సంస్థలు కలవు. అట్టి ప్రతి సంస్థయు ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశము. అది 2017 జనవరినుండి అమలునకు వచ్చినది.

పిమ్మట అప్పు పెరుగకుండ అడ్డుకట్ట వేయవలెను. భర్త చేతనున్న అదనపు కార్డును రద్దు చేయించుట, ఉమ్మడి ఖాతానుండి ఒక్కరి సంతకముతో సొమ్ము తీయు వీలును మాన్పించుట, తన జీతము పడు ఖాతాను వేరుచేసికొనుట ఒక్కరోజులో కాదగిన పనులు. సంతకము చేసియిచ్చిన ఖాళీ చెక్కులుండినచో వానిని వెనుకకు తీసికొనవలెను. చెల్లని చెక్కు విషయమున 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను క్రింద రెండేండ్లవరకు శిక్ష పడవచ్చును. సామాన్యపు అప్పునకు లేని క్రిమినల్ బాధ్యత చెక్కునకు కలదు.

తాకట్టు ఉన్న అప్పులను ముందు చూడవలెను. కుదువ బంగారమును వాయిదా తప్పిన పిదప నోటీసిచ్చి కోర్టుతో పనిలేకయే వేలము వేయవచ్చును. ఇంటి అప్పు 90 దినములు కట్టనిచో ఖాతా మొండిబాకీల పద్దున చేరును. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద 60 దినముల నోటీసిచ్చి బ్యాంకు ఇంటిని స్వాధీనము చేసికొనవచ్చును. వేలములో పలుకు ధరకును, యజమాని తీరికగా అమ్ముకొనిన ధరకును సామాన్యముగా తేడా ఉండును. కావున ఉమ్మడి ఇంటికి మూడు దారులు: ఇద్దరును ఒప్పుకొని అమ్మి అప్పు తీర్చి మిగులు పంచుకొనుట, ఒకరు ఇంటిని తీసికొని, బ్యాంకు సమ్మతితో అప్పును తమ ఒక్కరి పేరకు మార్చుకొని, రెండవవారిని వ్రాతమూలకముగా విడుదల చేయించుట, అద్దెకిచ్చి ఆ అద్దెతో వాయిదా కట్టుచు మంచి ధర వచ్చువరకు ఆగుట. రెండవ దారిలో విడుదలపత్రము బ్యాంకు ఈయనిదే ఇంటిపై హక్కు వదలుకొనుట అవివేకము. ఇల్లు ఒకరికిని అప్పు ఇద్దరికిని మిగులును.

ఇక భార్య నగలు. అవి ఆమె స్త్రీధనము. భర్త చేతికిచ్చినంతమాత్రమున అవి అతనివి కావనియు, తిరిగి ఈయనిచో అది నేరమగుననియు 1985లో ప్రతిభారాణి కేసున సుప్రీంకోర్టు చెప్పినది. కరవు, వ్యాధి మొదలగు ఆపదలయందు వాడిన స్త్రీధనమును భర్త తిరిగి ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు ఇచ్చెను. నేటి న్యాయస్థానము అవసరమునకు వాడుకొనినను తిరిగి ఈయవలసినదే అనుచున్నది.

భరణమున ఋణము

విడాకులు, మనోవర్తి వ్యవహారములలో అప్పుల పట్టికను దాచిపెట్టుట పెద్ద పొరపాటు. భార్యాభర్తలిద్దరును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముమీద వెల్లడింపవలెనని 2020లో రజనీష్–నేహా కేసున సుప్రీంకోర్టు నిర్దేశించినది. 1955 నాటి హిందూ వివాహచట్టము 24, 25 సెక్షనుల క్రింద మనోవర్తిని, 2005 నాటి గృహహింస నిరోధక చట్టము క్రింద ధనరూపమైన ఉపశమనమును కోరునప్పుడు, భర్త అప్పునకు తాను కట్టుచున్న వాయిదాల రసీదులను జతపరుపవలెను. పరస్పరసమ్మతిచే 13–బి సెక్షను క్రింద విడాకులు పొందువారు ఆస్తిపంపకముతోపాటు అప్పులపంపకమును కూడ అంకెలతో, తేదీలతో వ్రాసికొనవలెను. బిడ్డలను, బంగారమును గూర్చి పుటలకొలది వ్రాసి, అప్పును ఒక్క వాక్యముతో దాటవేయు పత్రములవలననే తరువాతి తగవులు పుట్టుచున్నవి.

ఈ పనులకు వకీలు ఫీజు ఎచ్చటినుండి తేవలెనని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికారసంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము లభించును. ప్రతి జిల్లాకోర్టు ఆవరణలోను ఆ సంస్థ కార్యాలయముండును.

ఋణదాత ఎదుట

అప్పు కట్టలేనివాడు ఋణదాతను తప్పించుకొని తిరుగుట మన ఊళ్ళలో పాత అలవాటు. ఫోను ఎత్తకుండుట దానికి నేటి రూపము. దానివలన వడ్డీ ఆగదు. ఋణదాతకు గల అనుమానము మాత్రము బలపడును. వాయిదా తప్పకముందే బ్యాంకునకు ఉత్తరము వ్రాసినవానిమాటకు విలువ ఎక్కువ. విడిపోయిన సంగతి, నేటి ఆదాయము, ఖర్చు, నెలకు కట్టగల మొత్తము, కోరు గడువు ఆ ఉత్తరమున ఉండవలెను. అందిన రసీదు తీసికొనవలెను.

పైన చెప్పిన ఉపాధ్యాయురాలి లెక్కనే చూడవచ్చును. భార్యాభర్తలు ఒప్పుకొని ఇల్లు అమ్మినారనుకొందురు గాక. 18 వేల వాయిదా పోవును. అద్దె, తిండి, చదువులకు 30 వేలు తీసినచో 45 వేలలో 15 వేలు మిగులును. ఆపదకై 2,500 అట్టిపెట్టినచో అప్పులకు 12,500. బాకీలు 3 లక్షలు, 1 లక్ష, 1 లక్ష. బాకీ నిష్పత్తిలో పంచినచో 7,500, 2,500, 2,500. ఈ పంపకము చూచుటకు న్యాయముగా ఉన్నది. కాని ఇందొక చిక్కున్నది. కార్డు బాకీకి నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అయినచో లక్షకు నెలవడ్డీయే 3 వేలు. ఆమె 2,500 కట్టినచో అసలు తరుగదు సరిగదా, అప్పు పెరుగును. ఏమియు కట్టక ఏడాది ఊరకున్నచో వడ్డీమీద వడ్డీతో లక్ష కాస్త 1,42,576 అగును. ఊరి వడ్డీవ్యాపారి నూటికి రెండు రూపాయలు అడిగినచో అమ్మో అనువారు, కార్డుమీద మూడు రూపాయలను గమనింపకయే కట్టుచున్నారు. కావున ఆమె మొదట కోరవలసినది కార్డు బాకీని తక్కువ వడ్డీగల వాయిదాల అప్పుగా మార్చుమని. అంతకు బ్యాంకు ఒప్పుకొనిననే 2,500 పనిచేయును. చీటీకి జామీను పడిన తోటి ఉపాధ్యాయునికి ముందుగా సంగతి తెలుపుట ధర్మము. లేనిచో నోటీసు అతని ఇంటికి పోవును.

వ్యక్తిగత ఋణము విషయమున గడువు పెంచి వాయిదా తగ్గింపుమని కోరవచ్చును. గడువు పెరిగినకొలది మొత్తముమీద కట్టు వడ్డీ పెరుగును. ఐనను నెల గడచుట ముఖ్యమైనప్పుడు అది మేలే. బొత్తిగా మునిగినచోట ఒక్కసారి పరిష్కారమను రాజీ కలదు. కొంత మొత్తము ఒకేసారి తీసికొని బ్యాంకు మిగిలినది వదలుకొనును. ఇట్టి రాజీలకు బ్యాంకులు విధానము ఏర్పరచుకొనవలెనని రిజర్వు బ్యాంకు 2023 జూనులో ఆదేశించినది. ఇది ఋణస్థుని హక్కు కాదు. బ్యాంకు సమ్మతిపై ఆధారపడినది. సొమ్ము కట్టుటకు ముందే రాజీపత్రమును, కట్టినపిదప బాకీలేదను పత్రమును తీసికొనవలెను. పరపతి నివేదికలో పూర్తిగా తీరిన అప్పునకును, రాజీతో ముగిసిన అప్పునకును వేర్వేరు గుర్తులుండును. తరువాత అప్పు కావలసివచ్చినప్పుడు ఆ గుర్తు కొంత అడ్డగును. పూచీ అప్పు రాజీలో పూచీదారును కూడ విడుదల చేసినట్లు వ్రాయించుకొనుట మరువరాదు.

వ్యాజ్యము నడచుచున్నను, నడువకమునుపును లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకొనవచ్చును. అందు ఫీజు లేదు. నడచుచున్న దావాకు కట్టిన కోర్టుఫీజు తిరిగి వచ్చును. కాని అచ్చటి తీర్పుమీద అప్పీలు లేదు. నెలకు కట్టలేని మొత్తమునకు మొగమాటమున తల ఊపినచో ఆ తీర్పే మెడకు చుట్టుకొనును.

నక్షత్రకుల సంగతి

హరిశ్చంద్రుని వెంటపడిన నక్షత్రకుని పేరు తెలుగున సామెతయైనది. నేటి నక్షత్రకులు ఫోనులో మాట్లాడుదురు. ఉదయము 8 గంటలకు ముందును, సాయంత్రము 7 గంటల తరువాతను వసూలుకై ఫోను చేయరాదనియు, ఋణస్థుని బంధుమిత్రులను వేధింపరాదనియు, బహిరంగముగా అవమానింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. ఈ హద్దు మీరినచో తేదీ, గంట, మాట వ్రాసిపెట్టుకొని మొదట బ్యాంకునకు ఫిర్యాదు చేయవలెను. నెలలోపల జవాబు రానిచో, వచ్చినది తృప్తి నీయనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేక వ్రాసికొనవచ్చును. బెదిరింపు ఎదురైనచో పోలీసుస్టేషనుకు పోవలెను. సూక్ష్మఋణముల వసూలులోని దౌర్జన్యము తెలుగునాట ప్రాణములు తీసినందుననే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. ఆ చేదు అనుభవము మరువరానిది.

కోర్టు వాకిట

“కట్టనిచో జైలు” అను మాట తరచు వినవచ్చును. ఇందు సత్యము కొంచెము, భయము అధికము. డిక్రీ బాకీకి ఋణస్థుని సివిలు జైలులో పెట్టు ఏర్పాటు 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులో కలదు. ఆ నిర్బంధము మూడు నెలలకు మించదు. కాని ధనముండియు దురుద్దేశముతో ఎగవేయువానికే అది వర్తించుననియు, బీదరికముచే కట్టలేనివానిని జైలుకు పంపుట రాజ్యాంగమునకు విరుద్ధమనియు 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు చెప్పినారు. ధనసంబంధమైన డిక్రీకై స్త్రీని అరెస్టు చేయుటను 56వ సెక్షను పూర్తిగా నిషేధించుచున్నది.

జప్తునకును హద్దులు కలవు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారమునుబట్టి స్త్రీ తీయరాని ఆభరణములు, చేతివృత్తివారి పనిముట్లు జప్తునకు లోబడవు. మంగళసూత్రము సురక్షితమే. ప్రావిడెంటు ఫండును ముట్టరాదు. జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు పాళ్ళును విడువవలెను. ఈ లెక్కను 45 వేల జీతమున నెలకు సుమారు 14,666 రూపాయలకు మించి జప్తు సాగదు. మనోవర్తి డిక్రీ అయినచో లెక్క తారుమారు: విడువవలసినది మూడింట ఒక పాలే. అనగా భార్యాబిడ్డల కూటికి, వడ్డీవ్యాపారి బాకీకంటె పెద్ద పీట వేయబడినది.

కాలదోషమును గూర్చి ఒక మాట. సామాన్యపు ప్రోనోటు బాకీకి దావా గడువు 3 సంవత్సరములు. గడువులోపల బాకీని ఒప్పుకొనుచు సంతకము చేసినచో గడువు మరల మొదటినుండి ప్రారంభమగును. గడువు దాటిన బాకీని తీర్తునని క్రొత్తగా వ్రాసియిచ్చినచో అదియు చెల్లును. వేరుపడిన భర్త బంధువులు “ఊరక ఒక సంతకము పెట్టమ్మా, నీకేమియు కాదు” అని తెచ్చు కాగితము ఈ కోవకు చెందినదేమో చదివి చూడవలెను.

ఐ.పి. అను కడపటి తలుపు

తెలుగు జిల్లాలలో ఐ.పి. పెట్టుట అను మాట వినని పల్లె లేదు. అది ఇన్‌సాల్వెన్సీ పిటిషను, అనగా దివాలా అర్జీ. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకు 1909 చట్టము, మిగిలిన తావులకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము ఏర్పడినవి. 500 రూపాయలకు తగ్గని అప్పులుండి తీర్చలేనివాడు కోర్టునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆస్తి రిసీవరు చేతికి పోయి ఋణదాతలకు నిష్పత్తిని పంచబడును. తుదకు కోర్టు ఋణస్థునికి విముక్తి నీయవచ్చును. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో సామాన్యవ్యక్తులకు సులభమైన ఏర్పాట్లున్నవి. ఏడాది ఆదాయము 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటక, సొంత ఇల్లు లేని నిరుపేదకు క్రొత్త జీవితము ప్రారంభించు అవకాశము అందొకటి. కాని 2019 డిసెంబరులో అమలునకు తెచ్చినది కంపెనీల అప్పులకు పూచీపడిన వ్యక్తుల భాగము మాత్రమే. సామాన్యుని గతి పాత చట్టమే.

ఐ.పి. పెట్టినవాని పేరు మన ఊళ్ళలో తిట్టుగా మారుటకు కారణము, దానిని ఆస్తి దాచి ఋణదాతలను ముంచుటకు వాడిన మోసగాండ్రు. అర్జీకి ముందు రెండేండ్లలో, తగిన ప్రతిఫలము లేక బంధువుల పేర వ్రాసిన ఆస్తులను కోర్టు రద్దుచేయవచ్చును. నిజముగా మునిగినవానికి మాత్రము అది సిగ్గుపడవలసిన దారి కాదు. ఐనను తేలిక దారియు కాదు. ప్రభుత్వోద్యోగులు దివాలా సంగతిని పై అధికారులకు తెలుపవలసియుండును. అర్జీకి ముందు న్యాయవాదిని సంప్రదింపక తప్పదు. మనోవర్తి బాకీ విముక్తితో పోదు. అన్నింటికంటె ముఖ్యము, ఒకరి విముక్తి ఉమ్మడి ఋణస్థునిగాని పూచీదారునుగాని విడుదల చేయదు. భర్త ఐ.పి. పెట్టి బయటపడినచో భార్య సంతకము తీరిపోదు. భారమంతయు ఆమెపైకి ఒరుగును. కావున భర్త అర్జీ పెట్టినట్లు నోటీసు వచ్చిననాడే ఆమె తన కాగితములతో న్యాయవాదివద్దకు పోవలెను.

బడిలో చెప్పదగిన పాఠము

అప్పుచేసి వెలయించు వైభవము కీడు తెచ్చునని సుమతీశతకము చెప్పినది. ఆ నీతిని పిల్లలు కంఠస్థము చేయుదురు. దానితోపాటు సంతకమునకు అర్థము చెప్పువారు అరుదు. చక్రవడ్డీ లెక్కను పరీక్షకై చేయించు ఉపాధ్యాయుడు కార్డు బాకీతో ఒక లెక్క చేయించినచో, ప్రోనోటునందలి ఒక్కొక్క మాటకు తెలుగు అయ్యవారు అర్థము చెప్పినచో, రేపటి యువతీయువకులు ప్రేమ పేరనో మొగమాటము పేరనో చదువని కాగితముపై సంతకము చేయరు.

అప్పు తీర్చుట ధర్మము. కాని బిడ్డ నోటిముద్ద తరువాతనే వడ్డీ అనుట కూడ ధర్మమే. జీతములో కొంత జప్తు చేయరాదని, పడకను వంటపాత్రను ముట్టరాదని శాసించిన చట్టము ఆ ధర్మమునే అంగీకరించినది. కాపురము విరిగినందుకు ఒకసారి, అప్పు మిగిలినందుకు మరొకసారి సిగ్గుపడి తలదాచుకొనువారికి ఎవరైన చెప్పవలసిన మాట ఇది: బాకీ అంకెలలో ఉన్నది, అంకెలకు హద్దు కలదు. దానికై ప్రాణమును బాకీపడినవారు లేరు. లెక్క వ్రాసి, నలుగురికి చూపి, కట్టగలిగినంత కట్టుచు పోవు మనిషి ఋణస్థుడేగాని దోషి కాదు.